కుడి. జారదు.

మికామి త్సుయాకో మాటల విషయంలో పరమ పిసినారి. ఇంటిపేరు మికామి, పేరు త్సుయాకో, వయసు యాభై ఏడు. ఒతారు అనే ఊళ్ళో కుడో డాక్టరు గారి పళ్ళ క్లినిక్కు వెనక గదిలో ఇరవై ఆరేళ్ళుగా తీగలు వంచుతోంది. ఎవరైనా పలకరింపుగా చలి బాగా ఉంది కదండీ అంటే "ఊఁ" అంటుంది. మంచు ఇవాళ ఆగేలా లేదంటే కిటికీ వంక ఒకసారి చూసి మళ్ళీ పనిలో తల పెట్టేస్తుంది. పెళ్ళయిన పదకొండేళ్ళకు భర్త విడిపోతూ, ఈ ఇంట్లో గోడ గడియారం నీకంటే ఎక్కువ మాట్లాడుతుంది అన్నాడట. దానికీ ఆవిడ ఏమీ అనలేదు. గడియారం మాత్రం తనే ఉంచుకుంది.

కాగితం మీదైనా ధారాళంగా ఉంటుందా అంటే అదీ లేదు. డాక్టరు గారికి ఆవిడ రాసి పంపే చీటీలు రెండు మూడు మాటలు దాటవు. "పైన నాలుగు. వదులు." అంతే. పై వరసలో నాలుగో పంటికి అతికించిన బిళ్ళ ఊడేలా ఉంది, చూసుకోండి అని దాని అర్థం. మొదటి రెండేళ్ళు కుడో డాక్టరు ఆ చీటీలు చదవలేక తల పట్టుకున్నాడు, పూర్తి వాక్యం రాస్తే మీ సొమ్మేం పోతుందండీ అని ఒకటి రెండు సార్లు అడిగాడు కూడా. తర్వాత అలవాటు పడ్డాడు. పదేళ్ళు తిరిగేసరికి, మా మికామి గారి చీటీ నాకొక్కడికే అర్థమవుతుంది అని వచ్చినవాళ్ళకు గొప్పగా చెప్పుకునే దాకా వచ్చాడు. ఆ మాట వినపడినప్పుడల్లా త్సుయాకోకు లోపల సంతోషంగా ఉండేది. నిజం చెప్పాలంటే ఆవిడకు తన పొదుపు మాటల మీద గర్వమే ఉండేది. చెప్పాల్సింది రెండు మాటల్లో చెప్పలేనివాడికి పని రానట్టే అని ఆవిడ లెక్క.

కుడో డాక్టరు వంకర పళ్ళు సరిచేస్తాడు, అదీ లోపలి వైపు నుంచి. ఎవరికీ కనిపించకుండా, నాలుక తగిలే వైపు ప్రతి పంటికీ ఒక చిన్న లోహపు బిళ్ళ అతికిస్తారు. బిళ్ళకు సన్నటి గాడి ఉంటుంది. ఆ గాడుల గుండా ఒక తీగ వెళుతుంది. తీగ గాడిలో జారుతూ ఉంటే పళ్ళు మెల్లగా దాని వెంట జరుగుతాయి. లోపలి వైపు జాగా తక్కువ, బిళ్ళలు దగ్గర దగ్గరగా ఉంటాయి, అంచెలంచెలుగా మలుపులుంటాయి. అందుకని తీగ ఎక్కడో ఒకచోట గాడి అంచును పట్టుకుని ఒరుసుకుంటూనే ఉంటుంది. ఆ ఒరిపిడి ఎంతలో ఉందో కనిపెట్టి, ఎక్కడ నునుపు చెయ్యాలో, ఎక్కడ వంపు మార్చాలో తేల్చడమే త్సుయాకో బతుకంతా చేసిన పని.

కాబట్టి ఆ క్లినిక్కులో రోజుకు వందసార్లు వినపడే మాట ఒక్కటే. ఎడమ జారుతోందా, జారుతోంది. కుడి జారుతోందా, కొంచెం పట్టేస్తోంది. కానీ డిసెంబరు వచ్చిందంటే ఆ మాట నోట్లోంచి రాకూడదు. జనవరిలో, ఫిబ్రవరిలో కాలేజీ ప్రవేశ పరీక్షలు. అక్కడ జారడమన్నా పడడమన్నా పరీక్ష పోవడమనే అర్థం. పరీక్ష రాయబోయే పిల్లల ముందు జారడం, పడడం, తప్పడం అనే మాటలు ఎంత పొరపాటునైనా అన్నారో, తల్లులు చూసే చూపుకు గోడకున్న సున్నం రాలుతుంది. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాసుకునే నరుమి గారు ఆ విషయంలో మరీ పట్టింపు. నలభై ఎనిమిదేళ్ళ మనిషి, ఇద్దరు పిల్లల్ని పరీక్షలకు పంపిన తల్లి. డిసెంబరు ఒకటో తారీఖు పొద్దున్నే వచ్చి, నేటి నుంచి మార్చి దాకా ఎవరూ నోరు జారకండర్రా అని చెప్పి, తనే ఆ మాట అనేసినందుకు నాలిక కరుచుకునేది.

ఒతారు అంతా వాలే. సముద్రం దగ్గర మొదలైన వీధి కొండ మీదికి నిటారుగా ఎక్కుతుంది, శీతాకాలంలో అద్దంలా గడ్డకడుతుంది. అందుకే ప్రతి మలుపులో మున్సిపాలిటీ వాళ్ళ ఇసుక పెట్టె ఒకటి ఉంటుంది. దారినపోయేవాళ్ళు దాంట్లోంచి ఓ గుప్పెడు తీసి కాళ్ళ ముందు చల్లుకుంటూ నడుస్తారు. రైలు చక్రాలు పట్టాల మీద జారకుండా చల్లే ఇసుకను స్టేషన్లో పొట్లాలు కట్టి పరీక్ష పిల్లలకు పంచుతారు, రక్షరేకులాగా. నరుమి గారికి స్టేషన్ ఇసుక దాకా ఎందుకు, మా వీధి ఇసుక చాలనిపించింది. ఏటా డిసెంబరులో క్లినిక్కు పక్క పెట్టెలోంచి ఇసుక తెచ్చి, ఎండబెట్టి, రంగు కాగితాల్లో చిన్న చిన్న పొట్లాలు కట్టి, పరీక్ష రాసే ప్రతి పిల్లకూ పిల్లాడికీ ఇచ్చేది. పొట్లంతో పాటు క్లినిక్కులో అందరిచేతా ఒక మంచి మాట రాయించేది. డాక్టరు గారు రాస్తారు, ఇద్దరు నర్సులు రాస్తారు. త్సుయాకో మాత్రం ఎన్నడూ రాయలేదు. నరుమి గారు ఏటా అడగడం, ఆవిడ ఏటా తల అడ్డంగా ఊపడం.

ఆ ఏడు పరీక్ష రాసే పిల్లల్లో సకామాకి మినాహో ఒకతె. పద్దెనిమిదేళ్ళు. పశువైద్యం చదవాలని ఆశ. చిన్నప్పటి నుంచీ పై పళ్ళు ముందుకు తోసుకొచ్చి ఉండేవి. స్కూల్లో ఎవరో ఉడుత అన్నారట, అప్పటినుంచి నవ్వొస్తే ఎడమ చెయ్యి నోటికి అడ్డం వెళ్ళిపోయేది. రెండు వైపులా ఒక్కో పన్ను తీయించి, ఆ ఖాళీలోకి ముందు పళ్ళను వెనక్కి లాగే వైద్యం ఏడాదిన్నరగా నడుస్తోంది. త్సుయాకో ఆ పిల్లను ఎప్పుడూ ఎదురుగా చూడలేదు, అద్దాల తలుపు సందులోంచి జడ కొస చూసిందంతే. కానీ నోరు మాత్రం తల్లికి కూడా తెలియనంతగా తెలుసు. ప్లాస్టరు అచ్చుల మీద అరుగుదల చూసి ఈ పిల్ల నిద్రలో పళ్ళు కొరుకుతుందని, ఏదో దిగులుందని కనిపెట్టింది. ఆ దిగులు తగ్గాలని ఆవిడ మనసులో ఉండేది. తీగ కొసలు నాలుకకు గీరుకోకుండా ఈ పిల్ల తీగకు మామూలు కంటే రెండు రెట్లు ఎక్కువసేపు నునుపు పెట్టేది. అది ఎవరికీ తెలియదు.

డిసెంబరు పద్నాలుగున మినాహో తల్లితో వచ్చింది. డాక్టరు నోట్లోంచి పాత తీగ తీసి స్టీలు పళ్ళెంలో వెనక గదికి పంపాడు, కొత్త తీగ ఇవ్వమని. త్సుయాకో అలవాటు ప్రకారం పాత తీగను భూతద్దం కింద పెట్టింది. ఎడమవైపు నిడుపాటి సన్నగీతలు, తీగ బాగా జారిందని గుర్తు. కుడివైపు గీతల్లేవు. నాలుగు నొక్కులు, కోడి ముక్కుతో పొడిచినట్టు, నాలుగూ ఒకేచోట. అంటే ఆ చోట తీగ మూడు వారాలుగా వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంకొంచెం నిర్ధారణ కోసం అలాంటి బిళ్ళనే ఒకటి బల్లకు బిగించి, తీగను ఉమ్మితో తడిపి, లాగుడు బలం చూపే కొలత ముల్లు తగిలించి లాగింది. ఎండు తీగ ఒక మాట చెబుతుంది, తడి తీగ ఇంకో మాట చెబుతుంది, నోట్లో ఎండు తీగ ఉండదు కదా అని ఆవిడ వాదన. నొక్కు దగ్గరికి వచ్చేసరికి ముల్లు పైకి ఎక్కి ఎక్కి ఆగిపోయింది.

కుడివైపు ఒక బిళ్ళ పక్కకు ఒరిగి ఉంది, గాడి తీగను కరిచి పట్టుకుంటోంది. బిళ్ళ తీసి తిరిగి అతికించాలి. అన్నిటికంటే ముఖ్యం, అంతదాకా కుడివైపు బలంగా లాగకూడదు. జరగని తీగను లాగితే ఆ బలమంతా పళ్ళ వేళ్ళ మీద పడుతుంది, నలిగి నలిగి వేళ్ళు కరిగిపోతాయి. అలా కరిగిన నోళ్ళను ఆవిడ తన జీవితంలో రెండు చూసింది.

మామూలు రోజైతే తలుపు తీసి, డాక్టరు గారూ, కుడి జారదు అని ఒక్క మాట విసిరేసేది. తలుపు దాకా వెళ్ళింది కూడా. అవతల కుర్చీలో పిల్ల, పక్కనే తల్లి. ఆ తల్లి అప్పుడే నరుమి గారితో, మొన్న మా ఆయన మెట్ల మీద జా... అని సగంలో ఆపుకుని చెంపలేసుకుంటోంది. త్సుయాకో వెనక్కి వచ్చేసింది. చీటీ తీసి, "కుడి. జారదు." అని రాసి, కొత్త తీగతో పాటు ట్రేలో పెట్టింది.

ఎప్పుడూ నర్సులు పట్టుకెళ్ళే ఆ ట్రేను ఆ రోజు పట్టుకెళ్ళింది నరుమి గారు.

దారిలో నరుమి గారి కళ్ళు చీటీ మీద పడ్డాయి. అది మికామి గారి చేతిరాతే, అనుమానం లేదు. పరీక్ష రాసే పిల్ల ట్రేలో, డిసెంబరులో, జారదు అనే మాట. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఈ మనిషి ఒక పిల్లకు మంచి మాట రాసింది అని ఆవిడ మురిసిపోయింది. కుడి అంటే కుడిచెయ్యి, రాసే చెయ్యి, అది జారదు అని ఎంత బాగా రాసింది. చీటీని జాగ్రత్తగా మడిచి, ఇసుక పొట్లానికి దారంతో కట్టి, మినాహో చేతిలో పెట్టింది. మా వెనక గదిలో ఆవిడ నీకోసం రాసిందమ్మా, ఎవరికీ రాయని మనిషి అని చెప్పింది. పిల్ల చదువుకుని, ఎడమ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

కుడో డాక్టరు ట్రేలో తీగ తీసుకున్నాడు. చీటీ లేదంటే అంతా సవ్యంగా ఉన్నట్టే అని ఆయన ఇరవై ఆరేళ్ళ నమ్మకం. కుడివైపు ఖాళీ ఎడమవైపులా తగ్గకపోవడం గమనించి, ఎముక గట్టిదేమో అనుకుని, కుడివైపు పళ్ళను లాగడానికి ఇంకాస్త బలమైన స్ప్రింగు వేశాడు. తల్లి పరీక్షలయ్యేదాకా దాని నోటి జోలికి వెళ్ళొద్దండీ, నొప్పితో చదువు పాడవుతుంది అని బతిమాలుకుంది. ఏటా చాలామంది తల్లులు అడిగేదే. సరే, మార్చిలో రండి అన్నాడాయన.

సాయంత్రం నరుమి గారు వెనక గదికి వచ్చి త్సుయాకో బల్ల మీద ఒక ఎర్రబీన్సు బన్ను పెట్టింది. "మీరు బయటికి రాయిలా కనిపిస్తారు గానీ మీ మనసు వెన్నండీ. నాకు తెలుసులెండి" అని భుజం తట్టి వెళ్ళిపోయింది. త్సుయాకోకు ఏమీ అర్థం కాలేదు. ఎందుకు అని అడిగి ఉంటే సరిపోయేది. ఒక్క మాట. ఆవిడ అదీ ఖర్చు పెట్టలేదు, బన్ను తినేసి దీపం ఆర్పి ఇంటికి వెళ్ళింది.

ఫిబ్రవరి ఎనిమిది వాళ్ళ దేశంలో విరిగిన సూదులకు సెలవిచ్చే రోజు. ఏడాదంతా గట్టి బట్టలో దిగబడి అలిసిపోయిన సూదులను కుట్టుపనివాళ్ళు కోవెలకు తెచ్చి, సోయా పాలతో చేసిన మెత్తటి టోఫు ముద్దలో గుచ్చి దండం పెడతారు. ఇంక మీరు కష్టపడొద్దు, మెత్తగా పడుకోండి అని. త్సుయాకో కూడా ఏటా తన పాత తీగలన్నీ ఒక డబ్బాలో వేసుకుని వెళుతుంది. దర్జీ ఆడవాళ్ళ మధ్య నిలబడి ఒక్కో తీగనూ టోఫులో గుచ్చుతుంది. ఆ ఏడు మినాహో తీగ చేతికి వచ్చినప్పుడు కాసేపు ఆగి చూసింది. నాలుగు నొక్కులూ మంచు వెలుగులో చక్కగా కనిపించాయి. డాక్టరు గారు చీటీ చదివి బిళ్ళ మార్చే ఉంటారు, ఈపాటికి కుడి కూడా జారుతూ ఉంటుంది అనుకుంది. పిల్ల పరీక్ష బాగా రాయాలని కూడా దండంలో కలిపేసింది. తీగను తెల్లటి ముద్దలో నొక్కి, నొక్కులు కనపడకుండా పోయేదాకా దింపింది.

మార్చి రెండో వారంలో మినాహోకు సీటు వచ్చిందని ఫోను వచ్చింది. నరుమి గారు ఫోను పెట్టేసి క్లినిక్కంతా వినపడేలా చప్పట్లు కొట్టింది. ఆ మర్నాడే తల్లీ కూతురూ వచ్చారు. మామూలుగా ఎక్స్‌రే తీశారు. పదినిమిషాలు గడిచినా డాక్టరు ఎక్స్‌రే గదిలోంచి బయటికి రాలేదు. తర్వాత నర్సు వచ్చి, మిమ్మల్ని రమ్మంటున్నారు అని త్సుయాకోను పిలిచింది.

ఆయన తెర చూపించాడు. ముందు పళ్ళు నాలుగు. ఎడమవైపు రెండింటికి నిడుపాటి వేళ్ళున్నాయి. కుడివైపు రెండింటికి సగమే ఉన్నాయి. చప్పరించి ఉమ్మేసిన మిఠాయిలా కొసలు కరిగి గుండ్రమైపోయాయి. త్సుయాకో తెరకు దగ్గరగా వంగి చూసింది.

"డిసెంబరు తీగ మీరు చూశారు కదా" అన్నాడు డాక్టరు. గొంతు తగ్గించే అన్నాడు, కానీ ఆ తగ్గించడంలోనే ఉంది అంతా. "నొక్కులు లేవా?"

"ఉన్నాయి. రాశాను."

"ఎక్కడ?"

"చీటీ."

తనకు చీటీ ఏదీ రాలేదని ఆయన అన్నాడు. పంపానని ఆవిడ అంది. తీగ ఎక్కడుందని అడిగాడు. టోఫులో గుచ్చేశానని చెప్పాల్సి వచ్చింది. అప్పుడు ఆయన చూసిన చూపు ఆవిడ ఎన్నడూ ఎరగదు. ఇరవై ఆరేళ్ళ తర్వాత ఈ మనిషి అబద్ధం ఆడుతోందా అనే ప్రశ్న ఆ చూపులో స్పష్టంగా ఉంది. త్సుయాకోకు ఒళ్ళంతా మండిపోయింది. తను చూసింది. తను కనిపెట్టింది. ఉమ్మితో తడిపి లాగి మరీ కనిపెట్టింది.

"ఏం రాశారు?" అని మళ్ళీ అడిగాడు.

"కుడి. జారదు."

తలుపు దగ్గర ఫైలు పట్టుకుని నిలబడ్డ నరుమి గారు అలాగే పక్కనున్న స్టూలు మీద కూలబడింది. ఎవరి వంకా చూడకుండా అడిగింది. "అది పరీక్షకి కాదా?"

నరుమి గారు జరిగింది చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చింది. డాక్టరు అద్దాలు తీసి మొహం రుద్దుకున్నాడు. చీటీ రాకపోతే అంతా సవ్యమే అనుకున్నది నేను, బలమైన స్ప్రింగు వేసింది నేను, మూడు నెలలు వదిలేసింది నేను అన్నాడు. తల్లితో, పిల్లతో తనే మాట్లాడతానన్నాడు. లాగడం ఆపేయాలి, ఆరు నెలలు ఏమీ ముట్టుకోకూడదు. కరిగిన వేరు తిరిగి రాదు. ఆ రెండు పళ్ళూ ముప్పై ఏళ్ళకు ఊడతాయో నలభైకి ఊడతాయో చెప్పలేం, జీవితమంతా గట్టివి కొరకకుండా కాపాడుకోవాలి. తప్పు నాదేనని చెబుతాను అన్నాడు.

"చీటీ సంగతి మాత్రం చెప్పొద్దండీ" అని నరుమి గారు త్సుయాకో చేతులు పట్టుకుంది. "పిల్ల దాన్ని దేవుడి ప్రసాదంలా దాచుకుందని వాళ్ళమ్మ ఫోనులో చెప్పింది. నా మొహం చూసి వదిలెయ్యండి."

డాక్టరు కూడా త్సుయాకో వంక చూశాడు. ఆవిడ "ఊఁ" అంది. అని వెనక గదికి వచ్చి తలుపు వేసుకుంది. బల్ల ముందు కూర్చుంది గానీ ఏ పనీ చేతకాలేదు. పిల్ల పళ్ళ కోసం ఏడుపు వచ్చింది. దానితో పాటే, తన తప్పు లేదని చెప్పే సాక్ష్యం ఈ లోకంలో ఒక్కటే ఉంది, అదీ ఆ పిల్ల దగ్గర రక్షరేకుగా ఉంది అనే ఆలోచన కూడా వచ్చింది. ఇలాంటప్పుడు కూడా తన సంగతే గుర్తొచ్చినందుకు ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గంట తర్వాత తలుపు మెల్లగా తట్టిన చప్పుడైంది. మినాహో. తల్లి ముందు గదిలో కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉంది. పిల్ల మాత్రం చేతిలో బియ్యప్పిండి మిఠాయిల పెట్టె పట్టుకుని ఒంటరిగా వచ్చింది. ఏడాదిన్నర నుంచి అంగుళం అంగుళం తెలిసిన నోరు, మొట్టమొదటిసారి మొహంతో సహా ఎదురుగా నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ నవ్వుతోంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వుతోంది. ముందు పళ్ళు చక్కగా వెనక్కి వచ్చాయి. ఆ చక్కదనం చూడలేక త్సుయాకో బల్ల వంక చూసింది.

"మికామి గారంటే మీరేనాండీ?" లోపలి బిళ్ళల వల్ల పిల్ల మాట కొంచెం నత్తిగా ఉంది. "సీటు వచ్చిందని చెప్పి వెళదామని. పళ్ళ సంగతి డాక్టరు గారు చెప్పారు. నాకు మొదటినుంచీ పళ్ళ అదృష్టం లేదులెండి. ఆవుల పళ్ళు మాత్రం బాగా చూస్తాను."

త్సుయాకో కుర్చీ చూపించింది. పిల్ల కూర్చోలేదు. సంచిలోంచి పెన్సిళ్ళ పెట్టె తీసింది. మూతలో ఎర్ర కాగితం ఇసుక పొట్లం, దానికి కట్టిన చీటీ. మడతల దగ్గర నలిగి అంచులు మెత్తబడ్డాయి. లెక్కల పరీక్షలో మూడో లెక్క దగ్గర చెయ్యి వణికిపోయిందని చెప్పింది పిల్ల. అప్పుడు చీటీ మీద వేలు పెట్టి ఉంచిందట. అమ్మా నాన్నా సరే, వాళ్ళెలాగూ కోరుకుంటారు. కానీ నన్నెప్పుడూ చూడని మనిషి ఎవరో వెనక గదిలో కూర్చుని నా కుడి చెయ్యి గురించి ఆలోచించారు కదా అనిపించిందట. వణుకు ఆగిందట.

"అదేనండీ చెబుదామని" అంటూ చీటీ విప్పి చూపించబోయింది.

విప్పి, తనే చదివింది. మళ్ళీ చదివింది. నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు ఆగిపోయాయి. ఇందాకే డాక్టరు గారు తెర మీద వేలు పెట్టి చూపించిన వైపు గుర్తొచ్చినట్టుంది.

"ఇది చెయ్యి గురించేనా అండీ?" అంది.

ఇప్పుడు కావలసింది ఒక్క "ఊఁ". జీవితంలో అన్నిటికంటే ఎక్కువగా, అన్నిటికంటే చవగ్గా వాడిన మాట. అది అంటే పిల్ల చీటీ మడిచి పెట్టుకుని, ఆవుల కాలేజీకి వెళ్ళిపోతుంది. నరుమి గారికిచ్చిన మాట నిలుస్తుంది. త్సుయాకో నోరు తెరిచింది. ఆ ఊఁ రాలేదు. ఈ పిల్లతో అబద్ధం ఆడలేకనా, తను కనిపెట్టానని ఒక్కరికైనా తెలియాలనా, ఆవిడకే తెలియదు.

"కాదు. పన్ను" అంది.

పిల్ల ఎడమ చెయ్యి మెల్లగా పైకి లేచి నోటికి అడ్డం వెళ్ళింది.

అప్పుడు త్సుయాకో మాట్లాడింది. ఆ గదిలో ఎవరూ ఎన్నడూ విననంత మాట్లాడింది. నొక్కుల గురించి చెప్పింది, తలుపు దాకా వచ్చి వెనక్కి పోయిన సంగతి చెప్పింది. ఆ చీటీ డాక్టరు గారికని చెప్పింది. కుడివైపు తీగ గాడిలో ఇరుక్కుంది, బిళ్ళ మార్చండి, స్ప్రింగు బిగించకండి, పరీక్షలయ్యేదాకా ఆగకండి అని దాని అర్థమని చెప్పింది. నీ పళ్ళ గురించి నాకు అక్కర లేకపోలేదమ్మా, అక్కర ఉంది, ఎప్పుడూ ఉంది అని కూడా చెప్పింది. మాటలు వస్తూనే ఉన్నాయి, ఆపడం ఆవిడకు తెలియలేదు.

పిల్ల అంతా విన్నది. చేతిలో ఉన్న చీటీని వెలుగుకు ఎత్తి చూసింది. అరచేతిలో సగం ఉండే కాగితం, పైన రెండు మాటలు, కింద అంతా తెలుపు.

"ఇందులో ఇంకా చాలా చోటుంది కదండీ" అంది, చెయ్యి తీయకుండానే.